లాంతరు ముసలామె కోసం నాగర్‌కర్నూల్ దాకా

ఈ ప్రయాణానికి కారణం బొటనవేలంత రబ్బరు బొమ్మ. ఇరవై ఏడేళ్ళ మనిషిని, గద్వాలలో టీవీలు బాగుచేసే దుకాణం నడిపేవాణ్ణి, బొమ్మ కోసం బస్సులెక్కి తిరిగానని చెప్పుకోవడానికి అప్పట్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడంత లేదు. అందుకే రాస్తున్నాను.

తొంభైల నడిమి సంవత్సరాలవి. ఒక చిరుతిళ్ళ కంపెనీ వాళ్ళు రెండు రూపాయల పొట్లంలో ఒక్కో బొమ్మ పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. అవన్నీ ఒక వీడియో గేమ్‌లోని పాత్రలు. పన్నెండు మంది కలిసి ఒక పాడుబడిన కోటలోకి దిగి, అంతస్తు తర్వాత అంతస్తు దాటుకుంటూ పోయే ఆట అది. పన్నెండు బొమ్మలూ పోగుచేసి ఏజెంటు దగ్గరికి తెచ్చినవాళ్ళకు టీవీకి తగిలించుకునే గేమ్ మిషన్ ఉచితమన్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటికీ వనపర్తిలో ఉన్నది ఒక్కడే ఏజెంటు. అతని వాటాకు వచ్చినవి రెండే మిషన్లు. ఒకటి అప్పటికే ఎవరో తీసుకుపోయారని తెలిసింది.

మూడు నెలల్లో నా దగ్గర పదకొండు చేరాయి. గొడ్డలివాడు, ముసుగువాడు, రెక్కల పిల్ల, కొమ్ముల గుర్రం, ఇట్లా అన్నిటికీ మా వీధిలో పెట్టుకున్న పేర్లే. దొరకనిది ఒక్కటే, లాంతరు ముసలామె. ఆటలో ఆమె ఎవరితోనూ కొట్లాడదు. చీకటి గదుల్లో ముందు నడుస్తుంది, అంతే. గద్వాలకు వచ్చిన అట్టపెట్టెల్లో ఆమె ఒక్కతీ రాలేదు. మానవపాడు దాకా సైకిల్ మీద పోయి అక్కడి దుకాణాల్లో పొట్లాలు కొన్నాను. గొడ్డలివాళ్ళు ఆరుగురు దొరికారు కాని, ముసలామె జాడ లేదు.

నా భార్య సుజాత అప్పుడు ఏడో నెల గర్భిణి. ఇంట్లో మగ్గం మీద చీర సగంలో ఉంది, ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది. దుకాణంలో పని తగ్గింది. హైదరాబాదులో పెద్ద రిపేరు దుకాణం యజమాని ఒకాయన నన్ను పనిలోకి రమ్మన్నాడు. సోమవారంలోగా మాట చెప్పాలి. గేమ్ మిషన్ ఒకటి దుకాణంలో పెట్టుకుంటే గంట లెక్కన ఆడించి గద్వాలలోనే నిలదొక్కుకోవచ్చని నా ఆశ. కొందామంటే దాని ధర నాకు అందేది కాదు. స్కీము గడువు శనివారం సాయంత్రం ఐదు గంటలతో ముగుస్తుంది. శుక్రవారం రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున ఆరూ పదికి గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాను. టికెట్టు పద్నాలుగు రూపాయలు. పదకొండు బొమ్మలనూ ఒక్కోదాన్నీ దూదిలో చుట్టి సోల్డరింగు తీగ పెట్టుకునే రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను చొక్కా లోపల దోపుకున్నాను. ప్రతి కుదుపుకూ చేయి అక్కడికే పోయేది. ఎర్రవల్లి చౌరస్తా దాటి బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి ఏడూ పావు. కృష్ణలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి, రాళ్ళన్నీ తేలి కనిపిస్తున్నాయి. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి చిల్లర వేసి దండం పెట్టారు. నేనూ ఒక రూపాయి వేశాను. దేనికోసమో నాకే స్పష్టంగా తెలియలేదు. మిషన్ అడగాలా, ముసలామెను అడగాలా అనుకుంటుండగానే వంతెన అయిపోయింది.

పెబ్బేరులో ఆ రోజు పశువుల సంత. రోడ్డు నిండా ఎడ్లు, ఆవులు, తాళ్ళు పట్టుకున్న మనుషులు. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ ఇక లాభం లేదని ఇంజను ఆపేశాడు. ముప్పై అయిదు నిమిషాలు అక్కడే. నేను గడియారం చూసుకోవడం గమనించి పక్క సీటు పెద్దాయన ఏ పని మీద పోతున్నావని అడిగాడు. వనపర్తిలో ఒక స్పేరుపార్టు కోసమని చెప్పాను. ఆయన గోపాల్‌పేట దగ్గరి రైతట. పోయిన వారం ఎద్దుల్లో ఒకటి చచ్చిపోతే, మిగిలినదానికి జోడు వెతకడానికి గద్వాల వైపు ఊళ్ళు రెండు రోజులుగా తిరుగుతున్నాడు.

"కొత్త జోడు కొనుడు అల్క. ఉన్నదానికి సరిపొయ్యేది దొరుకుడే కష్టం" అని చెప్పి, సంతలో చూస్తానంటూ ఆయన అక్కడే దిగిపోయాడు.

వనపర్తిలో దిగేసరికి ఎనిమిదీ యాభై. ఏజెంటు దుకాణం తొమ్మిదిన్నరకు గాని తెరవరు. బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తీసుకున్నాను. ఒకటి తిని రెండోది తినలేకపోయాను. చాయ్ మాత్రం రెండుసార్లు తాగాను.

ఏజెంటు పేరు సత్తయ్య, యాభై దాటిన మనిషి, నిదానస్థుడు. నేను డబ్బా తెరిచి చూపిస్తే బొమ్మలను చేత్తో తాకకుండా పెన్సిలుతో ఒక్కోదాన్నీ జరిపి లెక్కపెట్టాడు. రెండో మిషన్ ఇంకా ఉందని, గోడవారగా అటక మీది అట్టపెట్టెను చూపించాడు. లాంతరు ముసలామె తన దగ్గర లేదన్నాడు. గద్వాల పెట్టెల్లో ముసలామె పడనట్టే నాగర్‌కర్నూల్ పెట్టెల్లో కొమ్ముల గుర్రం పడలేదట. తర్వాత కాసేపు బల్ల సొరుగు వెతికి ఒక పోస్టుకార్డు తీశాడు. నాగర్‌కర్నూల్ ప్రభుత్వ దవాఖానలో పనిచేసే సువర్ణ అనే నర్సు రాసింది. పదకొండు ఉన్నాయి, గుర్రం ఒక్కటే లేదు, మీ దగ్గరుంటే తెలియజేయండి అని.

"పోయి చూడు. ఐదింటికి నేను రిజిష్టరు మూసేస్త. ఐదూ ఐదుకొచ్చినా పని గాదు" అన్నాడు సత్తయ్య.

పదీ పావుకు నాగర్‌కర్నూల్ బస్సు దొరికింది. సీటు లేదు. గోపాల్‌పేట దాకా నిలబడే పోయాను. దారిపొడుగునా ఒకటే ఆలోచన. ఆమె దగ్గర పదకొండు, నా దగ్గర పదకొండు. ఆమెకు కావలసినది నా దగ్గర, నాకు కావలసినది ఆమె దగ్గర. మిషన్ మాత్రం ఒక్కటే. నన్ను చూడగానే ఆమె కూడా మిషనే అడిగితే ఏం చేయాలి? గుర్రం నా దగ్గరుందని ముందే చెప్పాలా, దాచి మాట్లాడాలా? జొన్నచేలు, కంది చేలు కిటికీలోంచి పోతూ ఉన్నాయి కాని నేను చూసిందేమీ లేదు.

పన్నెండింటికి నాగర్‌కర్నూల్. దవాఖాన బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరమే. సువర్ణ సిస్టర్ సూదుల గదిలో ఉందన్నారు. తలుపు దగ్గర వరసలో తల్లులు, పిల్లలు. నేనూ వాళ్ళ వెనక నిలబడ్డాను. ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి. పలచటి మనిషి, కళ్ళజోడుకు దారం కట్టుకుంది. బల్ల మీద స్టీలు పళ్ళెం పక్కన పదకొండు బొమ్మలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటికంటే ముందు లాంతరు ముసలామె. మూడు నెలలు వెతికినదాన్ని మొదటిసారి అట్లా చూశాను. నేను ఊహించుకున్నదానికంటే చిన్నది. వంగిన నడుము, చేతిలో పసుపురంగు లాంతరు. లాంతరు రంగు ఒక పక్క పిల్లల చేతులు తగిలి పోయింది.

నాలుగేళ్ళ పిల్ల ఒకతి గుక్కపెట్టి ఏడుస్తుంటే సిస్టర్ ముసలామెను ఆమె గుప్పిట్లో పెట్టింది. అవ్వ దీపం ఆరకుండా చూడు, చెయ్యి కదిపితే ఆరిపోతది అని చెప్పింది. ఆ పిల్ల పిడికిలి బిగించి దాన్నే చూస్తూ ఉండగానే సూది వేయడం అయిపోయింది. సిస్టర్ బొమ్మను తీసుకుని తుడిచి మళ్ళీ బల్ల మీద నిలబెట్టింది.

ఒంటిగంటకు వరస అయిపోయాక నా సంగతి చెప్పాను. ఏమీ దాచలేదు. హైదరాబాదు దుకాణం, సుజాత ఏడో నెల, ఐదు గంటల గడువు, అన్నీ చెప్పేశాను. ఆమె మిషన్ మాట ఎత్తనే లేదు. గుర్రాన్ని చూపించమంది. దూది విప్పి గుర్రాన్ని ఆమె వరస చివర పెట్టాను. పన్నెండూ ఒక్కచోట నిలబడ్డాయి.

పన్నెండింటినీ చూపించి మిషన్ తీసుకుంటాను, బొమ్మలు చూసి వాపసు ఇచ్చేస్తారు, ముసలామెను తిరిగి తెచ్చి ఇస్తాను, మిషన్ వస్తే గుర్రం కూడా నీకే అక్కా అన్నాను. వాపసు ఇస్తారని నాతో ఎవరూ అనలేదు. చూపించాలంటే చూపించడమే అని నేను అనుకున్నాను. పూచీగా నా చేతి గడియారం ఉంచుకోమంటే ఆమె వద్దంది.

"నేను ఇస్తలేను తమ్మి, చూపెట్టనీకి ఇస్తున్న. బుధారం నాడు సూదులకు పిల్లలు నూరు మంది దాక వస్తరు. గా రోజుకు ఇది ఈడ ఉండాలె" అంది. చీటీ మీద దవాఖాన ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. సాయంత్రం ఆరింటి దాకా డ్యూటీలో ఉంటానంది.

రెండూ పదికి తిరుగు బస్సు. భోజనం చేయలేదు. బస్టాండులో అరటిపండ్లు రెండు కొనుక్కున్నాను. గోపాల్‌పేట ఇవతల గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. అది దాటగానే రోడ్డు పని. ఒకవైపు వాహనాలను ఆపి ఇంకోవైపు వదులుతున్నారు. మూడున్నరకు ఇంకా అక్కడే ఉన్నాం. నా చెమటకు చొక్కా లోపల డబ్బా జారుతోంది. దిగి నడిస్తే ఎంత దూరమని కండక్టరును అడిగాను. అతను నా ముఖం చూసి, దవాఖాన పనా అని మెల్లగా అడిగాడు. కాదని చెప్పలేకపోయాను.

నాలుగూ ఇరవైకి ఏజెంటు దుకాణంలో అడుగు పెట్టాను. సత్తయ్య పన్నెండూ వరుసగా పెట్టించి, రిజిష్టరులో నా పేరు, ఊరు రాసుకున్నాడు. అటక మీది అట్టపెట్టె దింపించి బల్ల మీద పెట్టాడు. దాని మీద చేయి వేశాను. చల్లగా ఉంది. ఇక సంతకం పెట్టడమే అనుకుంటుండగా ఆయన సొరుగులోంచి రేకులు కత్తిరించే పెద్ద కత్తెర తీశాడు.

ఎందుకని అడిగాను. అవే బొమ్మలు పట్టుకుని ఇంకో ఊళ్ళో ఇంకో మిషన్ అడగకుండా పన్నెండింటి తలలూ కోసి కంపెనీకి పంపాలట. అది కంపెనీ నియమం. కాగితం కూడా చూపించాడు. పదకొండు కోసి ఒకటి వదిలేయమని బతిమాలాను. ముసలామె నాది కాదని, తిరిగి ఇస్తానని మాట ఇచ్చానని చెప్పాను. ఆయన విసుక్కోలేదు. పన్నెండు తలలు లెక్కకు రాకపోతే మిషన్ ఖరీదు తన మీద పడుతుందన్నాడు.

గోడ గడియారంలో నాలుగూ ముప్పై రెండు. నా భార్య ముఖం గుర్తొచ్చింది. హైదరాబాదులో ఒంటరి గది గుర్తొచ్చింది. కోసేయమని ఒక్క మాట అంటే చాలు. తర్వాత సిస్టర్‌కు ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. అడిగేలోపే కోసేశారని చెప్తే నమ్మకపోదు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా. ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి బయటికి పరుగెత్తాను.

నాలుగు దుకాణాల అవతల ఎస్టీడీ బూత్ ఉంది. లోపల ఎవరో పెళ్ళి సామాను గురించి మాట్లాడుతున్నాడు. అద్దం మీద తట్టి చేతులు జోడించాను. ఆయన పెట్టేశాడు. రెండుసార్లు లైను కలవలేదు. మూడోసారి దవాఖానలో ఎవరో ఎత్తారు. సిస్టర్‌ను పిలుచుకురావడానికి పోయారు. ఎదురుగా మీటరులో ఎర్ర అంకెలు మారుతున్నాయి. ఎంతసేపటికో ఆమె గొంతు వినిపించింది.

"అక్కా, నేను మల్లేశ్‌ను. బొమ్మలు వాపసు ఇయ్యరట. తలకాయలు కోసి పంపుతరట."

"కోసిండ్రా?"

కోశారని చెప్పడానికి అదే చివరి అవకాశం. నాకు ఆ సంగతి తెలుసు.

"ఇంకా లేదు" అన్నాను.

లైను తెగిపోయిందనుకుని రెండుసార్లు పిలిచాను.

"వేరేది దొరుకుతదా?" అని అడిగింది.

"దొరకదక్కా."

"అట్లయితే వద్దు తమ్మి. నీ కష్టం నాకు తెలుస్తున్నది. గని వద్దు. నాది నాకు తెచ్చియ్యి."

నేను తిరిగి వచ్చేసరికి పావు తక్కువ ఐదు. సత్తయ్య కత్తెర పక్కన పెట్టి చాయ్ తాగుతున్నాడు. బొమ్మలు ఒక్కొక్కటిగా దూదిలో చుట్టి డబ్బాలో పెట్టుకున్నాను. ఇంకా పదిహేను నిమిషాలుంది, మళ్ళీ ఆలోచించుకో అన్నాడాయన. నేను అడ్డంగా తలూపి బయటికి వచ్చాను. ఐదు కొట్టేదాకా బస్టాండులో నిలబడ్డాను. కొట్టాక బెంచీ మీద కూర్చున్నాను.

గద్వాల బస్సు ఎదురుగానే ఉంది. ముసలామెను తర్వాత ఎప్పుడైనా తీసుకుపోవచ్చు. కాని ఇంటికి తీసుకుపోతే ఆదివారమంతా దుకాణంలో కూర్చుని నేనేం ఆలోచిస్తానో నాకు భయమేసింది. ఇంకో కంపెనీ, ఇంకో స్కీము, ఇంకో గడువు అంటూ దాన్ని ఉంచేసుకుంటానేమో. ఐదూ పావుకు మళ్ళీ నాగర్‌కర్నూల్ బస్సే ఎక్కాను. దారిపొడుగునా ఆమె మీద కోపంగానే ఉన్నాను. రబ్బరు ముక్క కోసం ఒక మనిషి బతుకుదెరువు కాదందని మనసులో తిట్టుకున్నాను. గోపాల్‌పేట దాటాక, అదే రబ్బరు ముక్క కోసం నేను ఎంత దూరం వచ్చానో గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఏడింటికి దిగాను. దవాఖాన వెనకే ఆమె క్వార్టరు. గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను ఇవాళే వస్తానని అనుకోలేదంది. అసలు వస్తానని కూడా అనుకోలేదని తర్వాత చెప్పింది. ఫోన్ పెట్టేసినప్పటి నుంచి ఒక్క పనీ చేయలేదట. ముసలామెను అరచేతిలో పెట్టుకుని మెడ దగ్గర వేలితో తడిమి చూసింది.

జొన్నరొట్టె, పప్పు పెట్టింది. పొద్దుటి ఇడ్లీ, బస్సులో తిన్న అరటిపండ్లు తప్ప కడుపులో ఏమీ లేదు. ఆబగా తిన్నాను. నేను చేయి కడుక్కున్నాక ఆమె అంది.

"నీ తావున నేనుంటే కోయించేదాన్నేమో తమ్మి."

"మరి నన్నెందుకు వద్దన్నవక్కా?"

"అడిగినవ్ గద. అడిగితే ఉన్నమాటే చెప్తరు."

కాసేపటికి ఆమె కొంచెం మొహమాటంగా, మిషన్ ఎట్లాగూ రాలేదు కదా, గుర్రాన్ని ఇయ్యరాదా అని అడిగింది. ఇచ్చేయడమే న్యాయమని నాకూ తోచింది. కాని డబ్బా మీది నుంచి చేయి తీయలేకపోయాను. ఆ రోజు నాకు మిగిలింది ఆ పదకొండు బొమ్మలే.

"నేనూ ఇయ్యలేనక్కా" అన్నాను.

ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ రోజుకు అదే మొదటిసారి. బస్టాండు దగ్గర లాడ్జిలో ముప్పై రూపాయలకు గది తీసుకుని పడుకున్నాను. దుప్పటి మాసిపోయి ఉంది, ఫ్యాను చప్పుడు చేస్తూనే ఉంది. తెల్లవారేదాకా ఒక్కసారి కూడా మెలకువ రాలేదు.

ఆదివారం ఏడు గంటల బస్సుకు బయలుదేరి, వనపర్తిలో బస్సు మారాను. ఈ దారిన పోయేవాళ్ళకు నేను చెప్పగలిగినది కొంచెమే. శనివారం పెబ్బేరు మీదుగా పోవలసి వస్తే అరగంట ఎక్కువ చేతిలో పెట్టుకోండి. గోపాల్‌పేట దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. ముందు రోజు మూడుసార్లు ఆ దారిన పోయినా చూడని నల్లరాతి గుట్టలు, వాటి నడుమ కందిచేలు నాకు ఆదివారమే కనిపించాయి. వెళ్ళిన పని కాలేదు. అయినా ఒంటి మీది నుంచి ఏదో బరువు దించినట్టుగా ఉంది. ఆ పన్నెండు బొమ్మలూ ఒక్కచోట నిలబడటం మూడు ఊళ్ళలో మేమిద్దరమూ, ఏజెంటూ తప్ప ఎవరూ చూడలేదు.

గద్వాలలో దిగేసరికి పదకొండున్నర. సుజాత గుమ్మం దగ్గర చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. రాత్రంతా ఎదురుచూసిందని కళ్ళు చూస్తే తెలిసింది.

"దొరికిందా?" అని అడిగింది.

"దొరికింది. వాపసు ఇచ్చొచ్చిన."

ఎందుకని అడుగుతుందనుకున్నాను. ఆమె నా ముఖం వైపు చూసి, మళ్ళీ చాట వైపు చూసి, రెండు రాళ్ళు ఏరి పక్కన వేసింది.

"అయితే హైదరాబాదుకు ఎన్నడు పోవాలె?" అంది.

గొంతులో కోపం లేదు. నేను పక్కన కూర్చుని, కాన్పు అయినాకనే వస్తానని వాళ్ళకు చెప్తానన్నాను. ఒప్పుకుంటారో లేదో తెలియదని కూడా చెప్పాను. ఆమె చాటను నా వైపు జరిపింది. ఇద్దరం రాళ్ళు ఏరుతూ కూర్చున్నాం.